ఎడమ పక్క మనిషి

మూసీ మీద గాలిబండి ఆగిపోయి చాలాసేపయింది. లోపల అందరూ తలలు ఎడమకు తిప్పుతున్నారు. అక్కడ ఏమీ కనిపించక మళ్లీ తిప్పుతున్నారు.

“పట్టీ కుడిదిక్కు పోయిందా, నా మెడ పోయిందా?” అని ముందు సీట్లో ముసలాయన గొణిగాడు.

సారంగపాణి చెవిలో పిలుపు మోగింది. నగర భద్రతాధికారిణి భూలక్ష్మి.

“దొరికిండు సార్. మీ జహీరే. మధ్యాహ్నానికి చూపుకోత వేస్తం. మీరొచ్చి అవునంటే చాలు.”

చూపుకోత అంటే కంటి మీది పొరను తీసేయడం. కనుపొర లేని మనిషికి ఈ హైదరాబాదులో తలుపు తెరుచుకోదు, బండి ఆగదు, జీతం పడదు. ఆ పొర ఎడమ అంచున దాగి ఉండేది పక్కపట్టీ. చూపు అటు ఒరిగితే చాలు, తెరలా జరుగుతూ వచ్చి ఇల్లు, బండి, డబ్బు, మనుషులు అన్నిటినీ వరసగా చూపిస్తుంది. దాన్ని రూపొందించింది సారంగపాణే. ఈ ఉదయం అది నగరమంతటికీ ఒక్కసారిగా కుడివైపుకు మారిపోయింది. చోదకులు బెదిరి బండ్లన్నీ ఎక్కడివక్కడ ఆపేశారు.

ఉర్దూ చదివేవాళ్లకు పట్టీ మొదటినుంచీ కుడివైపే. వాళ్ల రాత అటునుంచే మొదలవుతుంది కనుక, సారంగపాణితో పనిచేసే జహీర్ వాళ్లకోసం ‘అద్దం మీట’ తయారుచేశాడు. ఆ మీటను ఎవరో అందరికీ కలిపి నొక్కారు. అది నొక్కాలన్నా, వెనక్కి తిప్పాలన్నా కార్యాలయంలోని పరీక్షగదికి వెళ్లాల్సిందే.

“ఆయనకియ్యండి,” అన్నాడు సారంగపాణి.

“సారంగ్ భాయ్,” జహీర్ గొంతు వినిపించింది. “ఒక్క పొద్దుట్ల హైదరాబాదుకంత ఉర్దూ నేర్పిన్నంటున్నరు. నా కొడుక్కే నేర్పలేకపోయిన నేను. జర జల్ది రా భాయ్.”

కార్యాలయాన్ని పిలుద్దామని సారంగపాణి అలవాటుగా ఎడమకు చూశాడు. పట్టీ రాలేదు. అక్కడ ఒక మనిషి ఉంది.

అతని భార్య.

పెళ్లిపీటల మీద కూర్చోబెట్టిన రోజునుంచీ ఆమె స్థానం ఆ ఎడమ పక్కే. ఇద్దరిదీ ఒకే కార్యాలయం, ఒకే బండి. అయినా అటు చూసినప్పుడల్లా ఆమె ముఖం మీదికి ఆకుపచ్చ పట్టీ జరిగి వచ్చేది. ఆమెను పిలవాలన్నా ఆ పట్టీలోని బొమ్మ మీద చూపు నిలిపితే చాలు. ఆమె చెవిలో గంట మోగేది. పేరుతో పని లేకపోయింది.

ఇప్పుడు ఆమె కణతల దగ్గర తెల్ల వెంట్రుకలు కనిపించాయి. గడ్డం మీద ఒక గాటు.

“ఇదెప్పటిది?”

“మూడేండ్లాయె. మెట్ల మీద పడ్డ. చెప్పిన గదా, ఊఁ అన్నవు.”

అతనికి గుర్తు రాలేదు. ఆమె చూపు ఒక్కసారి కుడికి పోయి, సమయం చూసుకుని, వెనక్కి వచ్చింది. బండిలో ఒక్కరి చూపు కూడా అలా తడబడకుండా పోవడం లేదు. పట్టీ ఎక్కడుందో ఆమెకు ముందే తెలుసు. ఆమె పనిచేసేది పరీక్షగదిలో.

సారంగపాణి ఆమె వైపు వంగాడు. “నువ్వేనా?”

“నిన్న సాయంత్రం పెట్టొచ్చిన, పొద్దున మారేటట్టు. నీ ఒక్కనికే మార్చే వీలు అక్కడ లేదు. ఆఫీసు దాకనే అనుకున్న. పోంగనే వెనక్కి తిప్పుదామనుకున్న. బండి ఆగుతదని నాకెట్ల తెలుసు?”

“ఎందుకు?”

ఆమె కిందికి, మూసీ నీళ్ల వైపు చూసింది. “అటు కూసున్నా, ఇటు కూసున్నా పట్టీ లేని దిక్కుకు నువ్వు చూడనే చూడవు. చూసే దిక్కేమో పట్టీ ఉంటది. ఒక్కపారి అది తీసి, నువ్వు అలవాటుగ తిరిగినప్పుడు అక్కడ నేనుండాలనిపించింది. గంతే.”

అతను ఆమె ముఖాన్ని చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్లూ పక్కనే ఉన్న ముఖం ఎక్కడో దూరదేశం నుంచి వచ్చినట్టుంది.

చోదకుడు కుడిపట్టీకి అలవాటు పడ్డాడేమో, బండి కుదుపుతో కదిలింది.

“నా పేరు చెప్పెయ్,” అందామె. “జహీర్ అన్నకు ముగ్గురు పిల్లలు. నువ్వు చెప్పకుంటే నేనే చెప్త.”

భద్రతా భవనం గుమ్మంలో భూలక్ష్మి చెయ్యి అడ్డంగా పెట్టి నిలబడింది. ఆమె భుజం మీదుగా, లోపలి బల్ల మీద తల వంచుకు కూర్చున్న జహీర్ కనిపిస్తున్నాడు. అతని కళ్ల ముందు పొర తీసే పరికరం సిద్ధంగా ఉంది.

“జహీరేనా సార్?”

“కాదు.”

“మరెవరు? పేరు చెప్పినంకనే లోపలికి పోవాలె.”

వరంగల్లులో తన ఇంటి గుమ్మం సారంగపాణికి గుర్తొచ్చింది. పెళ్లి బట్టలతో నిలబడ్డ రోజు చెల్లెలు ఇలాగే చెయ్యి అడ్డం పెట్టి, ఇద్దరి పేర్లూ చెబితేగాని వదలనంది. అతను సిగ్గుతో గొణిగాడు. వినబడలేదని అందరూ నవ్వితే మళ్లీ చెప్పాడు. ఆ తర్వాత ఆ పేరును పైకి పలికిన సందర్భం ఒక్కటి కూడా గుర్తురాలేదు.

చూపుకోత పడితే భార్యకు ఏ తలుపూ తెరుచుకోదు. ప్రతి తలుపు దగ్గరా పక్కన ఒక మనిషి ఉండాలి.

అతను ఎడమకు తిరిగాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“ఆయన్ని వదిలెయ్యండి మేడమ్. ఆ పట్టీని మనిషి ముఖం మీద పెట్టింది నేను. దాన్ని తీసింది నా భార్య. ఇద్దరం వచ్చినం.”

“భార్య పేరు?”

ఎడమ పక్కనుంచి ఆమె అతని వైపే చూస్తోంది.

“పుష్యమి,” అన్నాడు సారంగపాణి, ఈసారి గొణగకుండా.