అనంతగిరిలో నెట్ పోయిన మధ్యాహ్నం

"సాయంత్రం ఐదు దాటితే చిన్నమ్మలు బతకదు," అన్నాడు నిఘా విభాగం చీఫ్ లక్ష్మీప్రసాద్ ఫోన్లో.

అరకు సంతలో అల్లం బేరమాడుతున్న నీలవేణి, చేతిలోది బుట్టలో పడేసి పక్కకి వచ్చేసింది. చిన్నమ్మలు అన్నది కోడ్ నేమ్. అవతలి దేశపు రేవు పట్నంలో కుట్టుమిషను ముందు కూర్చుని, ఏళ్ల తరబడి మన కోసం ఓడల కబుర్లు పోగుచేస్తున్న మనిషి. నీలవేణికి ఈ వృత్తిలో ఓనమాలు దిద్దించింది ఆమే.

"ఏం జరిగింది సార్?"

"ఆమె ఫోటో, అడ్రస్ శత్రువుల సర్వర్‌లోకి చేరాయి. ప్రస్తుతానికి లాక్‌లో ఉన్నాయి. అనంతగిరిలో ఒక ఇంటి ఇంటర్నెట్ నుంచి రోజూ సిగ్నల్ వెళ్తున్నంత కాలం ఆ లాక్ తెరుచుకోదు. నిన్నటి నుంచి సిగ్నల్ ఆగిపోయింది. ఐదింటికి దానంతట అదే తెరుచుకుంటుంది."

"ఆమెను తప్పించలేమా?"

"ఆమె ఫోన్ వాడదు. కబురు అందేసరికి తెల్లారుతుంది. ఆ ఇంటి నెట్ బాగుచెయ్యాలి. ఇంకే లైన్ నుంచి వెళ్లినా సర్వర్ ఒప్పుకోదు. దగ్గర్లో ఉన్నది నువ్వొక్కదానివే."

"లాక్ పెట్టింది ఎవరు?"



"ఉదయ్. చనిపోలేదు నీలవేణీ. అమ్ముడుపోయాడు."

ఉదయ్‌కి ఆఫీసులో సంతాప సభ జరిపింది వానాకాలంలో. సముద్రంలో పడిపోయాడన్నారు, శవం దొరకలేదన్నారు. ఇంకో నెలకి అతనితో నీలవేణి పెళ్లి జరగాల్సింది. అప్పటి నుంచి సెలవు పెట్టి, అక్క ఇంట్లో తలుపు వేసుకుని పడుకున్న మనిషి నీలవేణి. అతను బతికి ఉండాలని మొక్కని దేవత లేదు, చర్చికి వెళ్లే పక్కింటి సోని చేత కూడా ప్రార్థన చేయించింది. ఇప్పుడా కోరిక తీరింది. ఇలా తీరింది.

"పాస్‌వర్డ్‌గా పెట్టుకున్న మాట టైపు చేసి లాక్ దగ్గరికి వెళ్లగలిగింది అతనొక్కడే. నెట్ వస్తే అతను వస్తాడు," అన్నాడు చీఫ్. "అతను తలుపు తీస్తే చాలు, వెనకే మనవాళ్లు దూరతారు. తలుపుకి దారి మన చేతుల్లోంచి వెళ్లేలా చూడు. నిన్ను పంపడం నాకు ఇష్టం లేదు. ఇంకెవరూ లేరు."

"వెళ్తాను సార్."

*

నీలిరంగు చొక్కా, మెడలో నెట్ కంపెనీ గుర్తింపు కార్డు, భుజాన టూల్ బ్యాగు. జడ పిన్నులో శనగగింజంత మైకు, చెవిలో కనబడని ఇయర్‌పీస్. స్కూటీ కాఫీ తోటల మధ్య మలుపులు తిరిగి రాజులమ్మ హోమ్‌స్టే ముందు ఆగింది. రాజులమ్మ అరుగు మీద మిరియాలు ఎండబెడుతోంది.

"నెట్టు కోసమేనేటమ్మా? బేగి రా. బుకింగులన్నీ ఆగిపోనాయి."

"ఎప్పటి నుంచమ్మా?"

"నిన్న నానే సెడగొట్టినానేమో. పొటోలు తీసే కెమెరా బాబని మొన్నటిదాకా మా వెనక గదిలో ఉన్నాడు. కంప్యూటరు బేగి నడుత్తాదని ఏదో ఎక్కించినాడు. అప్పటి నుంచి తెరనిండా సీరెల ప్రకటనలు, అప్పులిత్తామని ప్రకటనలు. ఇసుగొచ్చి తీసీసినాను. అది పోనాది, దాంతో నెట్టూ పోనాది."

"ఆ బాబు ఇప్పుడున్నాడా?"

"బొర్రా కాడ లాడ్జిలో ఉంటన్నాడంట. నెట్టు పోనాదని ఫోన్ సేత్తే కంగారుపడిపోనాడు. వత్తన్నానన్నాడు. మంచి బాబు. నాకు జెరమొత్తే రాత్రంతా కూకున్నాడు."

నీలవేణి తల వంచుకుని లోపలికి వెళ్లింది. నాకు జ్వరం వచ్చినప్పుడూ ఉదయ్ అలాగే కూర్చున్నాడమ్మా, అనుకుంది.

రౌటర్ పెట్టె మీద దీపాలన్నీ పచ్చగానే వెలుగుతున్నాయి. లైన్ బాగానే ఉంది. జబ్బు కంప్యూటర్‌లో ఉంది. ఏ పేజీ తెరిచినా, మధ్యవర్తిగా ఉండాల్సిన ప్రాక్సీ సర్వర్ పలకడం లేదంటోంది. నీలవేణికి విషయం అర్థమైంది. ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నన్నాళ్లూ ఈ ఇంటి నుంచి వెళ్లే ప్రతిదాన్నీ తన గుమ్మంలోంచి నడిపించింది, రోజూ సిగ్నల్ పంపిందీ అదే. పోతూ పోతూ గుమ్మం మూసేసింది గానీ, దారి ఇటే అని రాసిన రాత చెరపలేదు. పాపం కంప్యూటర్ ఇంకా ఆ మూసిన గుమ్మానికే తల కొట్టుకుంటోంది.

సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ పాత చిరునామా తీసేసింది. దాని చోట వైజాగ్ ఆఫీసు చిరునామా కొట్టింది. ఇక ఇక్కడి నుంచి ఏది బయటికి వెళ్లినా ముందు ఆఫీసు చేతుల్లో పడి, ఈ ఇంటి లైన్ గుర్తుతోనే ముందుకు వెళ్తుంది. అయినా పేజీ తెరుచుకోలేదు. సాఫ్ట్‌వేర్ లోపలి తీగల్ని కూడా పీకి పోయింది. ఆదేశాలు టైపు చేసే నల్ల తెర తెరిచి నెట్‌వర్క్ మొత్తాన్ని రీసెట్ కొట్టింది. రీస్టార్ట్ చెయ్యమంది. నొక్కింది.

"నీలా."

గుమ్మంలో ఉదయ్ నిలబడి ఉన్నాడు. నల్ల కళ్లద్దాలు, తోలు జాకెట్టు, సినిమా పోస్టర్‌లోంచి దిగినట్టు అదే నవ్వు. కొంచెం చిక్కాడు. అంతే తేడా. నీలవేణికి కోపం రావాల్సిన చోట, అన్నం తింటున్నాడో లేదో అన్న దిగులు ముందొచ్చింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"చంపడానికొచ్చావా, బాగుచెయ్యడానికా?" అన్నాడు.

"నెట్ బాగుచెయ్యడానికి. నీకూ అదే కదా కావాలి."

"అవును. లాక్ ఈరోజు తెరుచుకుంటే వాళ్లకి నాతో పని అయిపోతుంది. పని అయిపోయిన వాణ్ణి వాళ్లు ఏం చేస్తారో నీకు తెలుసు." అతను కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఆఫీసులో అతని లాప్‌టాప్ ఎప్పుడు మొరాయించినా ఇలాగే పక్కన కూర్చునేవాడు. ఆమె ఏం నొక్కుతోందో ఏనాడూ చూడలేదు. ఇప్పుడూ చూడలేదు. ఆమె ముఖమే చూస్తున్నాడు.

తెర మీద తెల్ల చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. ముసలి కంప్యూటర్. దయచేసి ఆపవద్దు, అప్‌డేట్ జరుగుతోంది అంది.

"చిన్నమ్మలు నీకు అన్నం పెట్టింది ఉదయ్. తన మంచం నీకిచ్చి కింద పడుకుంది."

"తెలుసు. పట్టుకున్నారు నన్ను. మొదటి వారం ఏమీ చెప్పలేదు. రెండో వారం..." ఆగిపోయాడు. "ఆ తర్వాత బేరం నేర్చుకున్నాను. లాక్ పెట్టింది అందుకే. నన్ను పట్టుకుంటే అది తెరుచుకుంటుందని మీకు భయం, నేను తప్ప ఎవరూ తెరవలేరని వాళ్లకి నమ్మకం. నేను బతకాలి కదా."

"నా గురించి ఆలోచించలేదా?"

"నీ దగ్గరికి రావాలనే బతికాను."

చెవిలో చీఫ్ గొంతు సన్నగా పలికింది. "నాలుగు నిమిషాలు."

నీలవేణి అతని వైపు తిరిగింది. "ఆ లాక్ దగ్గర రెండు మాటలున్నాయని ఆఫీసు చెప్పింది. ఒకటి ఇంకో రోజుకి పొడిగిస్తుంది. రెండోది ఫోటోని శాశ్వతంగా చెరిపేస్తుంది. రెండోది కొట్టు ఉదయ్."

"చెరిపేస్తే నా చేతిలో ఏం మిగులుతుంది?"

"నేను మిగులుతాను."

అనేసింది. మైకు వింటోందని తెలిసే అంది. అతను చెరిపేస్తే, వెనక తలుపు తీసి లోయ దారి చూపించాలని ఆ క్షణంలోనే నిశ్చయించుకుంది. ఉద్యోగం పోనీ. జైలుకి వెళ్లినా సరే.

ఉదయ్ ఆమె చెయ్యి అందుకున్నాడు. అరచెయ్యి వెచ్చగా ఉంది. "సరే. చెరిపేస్తాను. ఇద్దరం వెళ్లిపోదాం."

తెర వెలిగింది. రాజులమ్మ పెట్టుకున్న గులాబీ పువ్వు బొమ్మ వచ్చింది. నీలవేణి బ్రౌజర్ నొక్కింది. ఒక్క క్షణం తెల్లగా ఉండిపోయి, తర్వాత పేజీ గబుక్కున తెరుచుకుంది.

"ఒక నిమిషం కూడా లేదు," అంది చెవిలో గొంతు.

నీలవేణి లేచి కుర్చీ ఇచ్చింది. ఉదయ్ వేళ్లు పరుగెత్తాయి. పేజీ తెరుచుకుంది, చిన్న పెట్టె వచ్చింది, మాట చుక్కలుగా పడింది. ఎంటర్ కొట్టాడు. గోడ గడియారం ఐదు కొట్టడం మొదలుపెట్టింది.

ఉదయ్ వెనక్కి వాలి నిట్టూర్చాడు. "అయిపోయింది నీలా. చెరిపేశాను."

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంతకాలం ఏడ్చినదానికి ఇదే చివర అనుకుంది. అప్పుడు చీఫ్ మాట్లాడాడు. మెల్లగా మాట్లాడాడు.

"చెరపలేదమ్మా. ఇంకో రోజుకి పొడిగించాడు. తలుపు తీశాడు కాబట్టి మనవాళ్లు లోపలికి వెళ్లి చెరిపేశారు. చిన్నమ్మలు క్షేమం. పోలీసు జీపు గేటు దగ్గరుంది."

నీలవేణి ఉదయ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆ కళ్లు చూడాలనిపించింది.

"నిజంగానే చెరిపావా?"

"నీ మీద ఒట్టు."

ఆమె అతని రెండు చేతులూ దగ్గరికి తీసుకుంది. ముద్దు పెట్టుకుంటుందేమో అనుకుని అతను నవ్వాడు. తీగలు కట్టే ప్లాస్టిక్ కేబుల్ టై టకటకమని బిగుసుకునేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

"నీలా! ఏంటిది?"

"ఈ కంప్యూటర్‌లోంచి వెళ్లే దారి వైజాగ్ మీదుగా తిప్పాను. నువ్వు కొట్టింది ఆఫీసు చూసింది."

అతని ముఖంలో రంగు పోయింది. "ముందే చెప్పి ఉంటే చెరిపేవాణ్ణి కదా!"

"అందుకే చెప్పలేదు," అంది.

జీపు అతన్ని తీసుకుని మలుపు తిరిగిపోయింది. ఆఖరిసారి అతను వెనక్కి చూశాడు. ఆమె చెయ్యి ఎత్తలేదు. ఎత్తకుండా ఉండడానికి గేటు ఊచ పట్టుకుంది. చీఫ్ చెవిలో ఏదో మెచ్చుకోబోయాడు. ఇయర్‌పీస్ తీసి జేబులో వేసుకుంది.

మళ్లీ లోపలికి వచ్చింది. ఆఫీసు చిరునామా తీసెయ్యాలి, లేకపోతే రాజులమ్మ బుకింగులన్నీ చీఫ్ చదువుతూ కూర్చోవాలి. తీసేసి, దారి తిన్నగా పెట్టి, ఇంకోసారి పేజీ తెరిచి చూసింది. వచ్చింది. కళ్ల నీళ్లు కీబోర్డు మీద పడుతుంటే చొక్కా చేతితో తుడిచింది.

రాజులమ్మ టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో బిక్కుబిక్కుమంటూ నిలబడింది. పోలీసులెందుకొచ్చారో అడగడానికి భయపడి, భయం లేని సంగతే అడిగింది.

"ఇంక దీన్లో ఏదీ ఎక్కించకూడదంటావేటమ్మా?"

"తెలియనివాళ్లు ఎక్కిస్తానంటే వద్దనమ్మా."

"ఆ బాబు తెలిసినోడే కదే గుంటా!"

నీలవేణి టీ గ్లాసు అందుకుంది.

"నాకూ తెలిసినోడేనమ్మా," అంది.