చీటీ మార్చిన సీసా

ఆ ఆదివారం ఉదయం పదకొండింటికి బేర్ సరాయ్‌లో ఆటో ఎక్కినప్పుడు ప్రణతి మనసు చాలా హాయిగా ఉంది. నవంబరు పొగ కమ్మేసి ఎదురుగా వస్తున్న బస్సు కూడా సరిగ్గా కనిపించని రోజు అది. ఢిల్లీలో అలాంటి రోజున సంతోషంగా ఉండేవాళ్ళు రెండు రకాలు. అనుకోకుండా సెలవు దొరికిన బడిపిల్లలు, పీహెచ్‌డీ చివరి మెట్టు మీదున్న వాళ్ళు. ప్రణతి రెండో రకం.

నాలుగేళ్ళుగా ఆమె ఒక సాలీడు వెంట పడింది. ఆవగింజ కంటే కాస్త పెద్దదంతే. ఢిల్లీ నడుమనున్న రిడ్జ్ అడవిలో బండరాళ్ళ పగుళ్ళలో ఉంటుంది. దానికి ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టలేదు. “చీపురు దెబ్బకి పోయేదానికి పీహెచ్‌డీ ఏంటే?” అని ఇందిరాపురంలో ఉన్న సరోజిని పిన్ని నవ్వేది. ప్రణతికి ఒళ్ళు మండేది గానీ, పిన్ని చేసే పెసరట్టు కోసం ఊరుకునేది.

నిజానికి అది మామూలు సాలీడు కాదు. మిగతావి వల కట్టి, పురుగు వచ్చి పడేదాకా కాచుకుంటాయి. ఇది పగుల్లోకి పురుగును తనంతట తానే రానిస్తుంది. అడ్డుపడదు, కదలదు. పురుగు బాగా లోపలికి వచ్చాక, అది వచ్చిన దారిని దాని వెనకనుంచి దారాలతో మూసేస్తుంది. ఆ సంగతి కనిపెట్టిన రోజున ప్రణతి రాళ్ళ మధ్య ఒక్కతే కూర్చుని చాలాసేపు నవ్వుకుంది.

కొత్త జీవికి మొదట పేరు పెట్టి, దాని వివరం అచ్చువేసినవాళ్ళ పేరు ఆ జీవి పేరు వెనకే ఎప్పటికీ ఉండిపోతుంది. మనిషి పోయినా ఆ పేరు పోదు. ప్రణతికి కావలసింది అదే. కానీ అదే సాలీడు మీద కేరళలో ఇంకెవరో పనిచేస్తున్నారని పదిహేను రోజుల కిందట కబురు తెలిసింది. వాళ్ళు ముందు వేసేస్తే నాలుగేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరే. ఇవాళ సాయంత్రంలోగా వ్యాసం పంపించెయ్యాలి. మిగిలింది ఒక్క బొమ్మ గీయడమే, మగ సాలీడు బొమ్మ.

ఆ మగ సాలీడు దగ్గరే ఉంది అసలు తిరకాసు. ఒక జాతికీ ఇంకో జాతికీ తేడా తేల్చేది మగదాని నోటి పక్కనుండే చిన్న అవయవం. నాలుగేళ్ళూ రాళ్ళెత్తినా ప్రణతికి ఆడవే దొరికాయి, ఒక్క మగదీ దొరకలేదు. చివరికి అది దొరికింది అడవిలో కాదు, తను చదివే సంస్థ సెల్లార్‌లో. అక్కడ పాత సీసాల గదిని చూసుకునే కోటయ్య, బాపట్ల వైపు నుంచి ముప్పై ఏళ్ళ కిందట వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి, ఒక ట్రే తెచ్చి ముందు పెట్టాడు. “చూడండమ్మా, ఇయ్యి ఎవురూ ముట్టుకోవట్లా,” అన్నాడు. అందులో, సారాయి నింపిన వేలెడంత సీసాలో, తను వెతికే మగది తేలుతోంది. సిరా కరిగిపోతుంది కాబట్టి సీసాలోపల వేసే చీటీ పెన్సిల్‌తో రాస్తారు. దాని మీద ఉంది: సేకరించినది సాయినాథ్, రిడ్జ్ అడవి, 2009.

సాయినాథ్ ఎవరో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. పీహెచ్‌డీ మధ్యలో వదిలేసి ఎటో వెళ్ళిపోయాడట. “అతన్ని వెతికి అనుమతి ఉత్తరం తీసుకో. వ్యాసంలో అతని పేరూ వెయ్యాలి,” అని గైడు తేల్చి చెప్పింది. ప్రణతి రెండు ఫోన్లు చేసింది. ఒకటి కలవలేదు, ఇంకోటి రాంగ్ నంబరు. రాళ్ళు ఎత్తింది తను, తేలు కుట్టించుకున్నది తను, పేరు పంచుకునేది ఎవరో పారిపోయినవాడా అని ఉక్రోషం వచ్చింది.

సీసాలో చీటీని తియ్యకూడదు. తప్పున్నా సరే, కొత్తది రాసి దాని పక్కన వెయ్యాలి గానీ పాతది పారెయ్యకూడదు. ఈ చదువులో మొదటిరోజు నేర్పే నియమం ఇది. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ప్రణతి పట్టకారుతో ఆ చీటీ పైకి లాగి, తన పేరుతో, ఈ ఏటి తేదీతో ఇంకోటి రాసి లోపలికి జార్చింది. పాతదాన్ని నాలుగు ముక్కలు చేసి మెస్సులో రాజ్మా ఎంగిలి బుట్టలో పడేసింది. సాయంత్రం దాకా మనసులో గుచ్చుకుంది. ఒక ప్లేటు మోమోలు తిన్నాక అదీ లేదు.

ఇలా పని దాదాపు ముగించుకున్న ప్రణతి, ఆ ఆదివారం సెల్లార్ మెట్లు దిగింది.

కిటికీలు లేని గది. ఇనుప ర్యాకులు తొమ్మిది వరుసలు, వాటి నిండా వేలకొద్దీ సీసాలు. సారాయి, కలరా ఉండలు, తడిసిన సున్నం కలిసిన వాసన. తలుపు పక్కనే బల్ల, దాని మీద మైక్రోస్కోపు. కోటయ్య లైట్లు వేసి, తలుపు కింద ఇటుక పెట్టాడు.

“చాయ్ భయ్యా ఇయ్యాల గేటు అవతలున్నాడమ్మా. పోయి తెస్తా. తలుపు పడిందంటే లోపల్నించి రాదు. ఇటుక తియ్యమాకండి.”

“సరే బాబాయ్. చక్కెర తక్కువ వేయించండి.”

అతని చెప్పుల చప్పుడు మెట్లెక్కి ఆగిపోయింది. ప్రణతి స్వెటర్ విప్పి కుర్చీకి తగిలించి, అరగంట కదలకుండా కూర్చుని బొమ్మ పూర్తిచేసింది. చక్కగా వచ్చింది. సాలీడును జాగ్రత్తగా సీసాలో వేసి, మూత బిగించి, దాని చోట దాన్ని పెట్టడానికి లేచింది. ఏడో వరుస చివర, గోడ వైపు.

సగం దూరం నడిచాక నుదుటికి ఏదో తగిలింది. సన్నటి దారం. సెల్లార్లో బూజు మామూలేగా అని తుడుచుకుంది. చివరిదాకా వెళ్ళి, సీసా పెట్టి వెనక్కి తిరిగింది. ఈసారి మెడకు తగిలింది. ఇప్పుడే తను నడిచి వచ్చిన చోట, ఆ ర్యాకు నుంచి ఈ ర్యాకుకి, నాలుగైదు దారాలు తళతళలాడుతున్నాయి.

చేత్తో తెంపింది. అవి కొంచెం సాగి, ఆలస్యంగా తెగాయి. పది అడుగులు వేసింది. మళ్ళీ దారాలు. ఈసారి ఇంకా ఎక్కువ.

అప్పుడు వినిపించింది. బల్ల దగ్గర్నుంచి. కాగితం మీద పెన్సిల్ గీస్తున్న చప్పుడు. తీరిగ్గా, ఆగి ఆగి.

“బాబాయ్... వచ్చేశారా?”

చప్పుడు ఆగింది.

ర్యాకుల సందులోంచి చూసింది. సీసాల వెనక, పచ్చగా వంకరగా, ఒక మనిషి వీపు. తెల్ల గీతల చొక్కా. తన కుర్చీలో కూర్చుని, మైక్రోస్కోపు మీదికి వంగి... ఆమె రెప్ప వేసింది. కుర్చీ ఖాళీగా ఉంది.

చేతిలో ఏదో చల్లగా తగిలి చూసుకుంటే, సీసా ఇంకా చేతిలోనే ఉంది. ర్యాకులో పెట్టానే అనుకుంది. పెట్టింది, ఖాయంగా పెట్టింది. లైటుకు ఎత్తి చూసింది. లోపల చీటీ తనదే, రాత తనదే. సేకరించినది ప్రణతి. దాని కింద దొరికిన చోటు మారింది. సెల్లార్, ఏడో వరుస, గోడ వైపు. దాని కింద ఇవాళ్టి తేదీ.

తను అలా రాయలేదు.

పరుగెత్తింది. దారాలు మొహానికి, జుట్టుకు, నోటికి చుట్టుకున్నాయి. తలుపు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఇటుక ఉన్నచోటే ఉంది. తలుపు మూసి ఉంది. అంచుల చుట్టూ, పాల మీద మీగడలా, తెల్లటి పొర.

లాగింది. తలుపు గుడ్డలా కాస్త ముందుకు సాగి, మళ్ళీ వెనక్కి పోయింది. వేళ్ళు అతుక్కున్నాయి. ఊడబెరుక్కుంటే గోరు దగ్గర రక్తం వచ్చింది. ఫోను తీసింది. సిగ్నల్ లేదు. సెల్లార్లో ఎప్పుడూ ఉండదు.

“బాబాయ్! కోటయ్య బాబాయ్!”

“అరవకు.” వెనకనుంచి, చాలా దగ్గర్నుంచి, ఒక గుసగుస. “వినపడదు.”

ప్రణతి తిరగలేదు. తిరగాలంటే భయం వేసింది. సారాయి వాసన ఒక్కసారిగా గుప్పుమంది. అది సీసాల వాసన కాదు. ఊపిరి వాసన.

“సాయినాథ్... గారా?”

“ఆ పేరు నువ్వే తీసేశావుగా.”

“తప్పయింది. మళ్ళీ రాస్తాను. మీ పేరు వేస్తాను. వ్యాసంలో కూడా ముందు మీ పేరే వేస్తాను.”

“రాయి, చూద్దాం.”

బల్ల మీద పెన్సిల్ అందుకుంది. చీటీ కత్తిరించి, సా అని మొదలుపెట్టింది. గీత పడలేదు. ఇంకా గట్టిగా నొక్కింది. పెన్సిల్ కాగితం మీద కదులుతోంది, చప్పుడు వస్తోంది... కాగితం తెల్లగానే ఉంది.

“నేనూ రాసి చూశాను,” అంది ఆ గొంతు.

“ఎన్నిసార్లు?”

“పెన్సిళ్ళు అయిపోయేదాకా.”

మెట్ల మీద చెప్పుల చప్పుడు. ప్రణతి ప్రాణం లేచి వచ్చింది. తలుపు మామూలు తలుపులా, కిర్రుమంటూ తెరుచుకుంది. రెండు చాయ్ గ్లాసులతో కోటయ్య లోపలికి వచ్చాడు. ఆమె ఎదురు పరుగెత్తి అతని చెయ్యి పట్టుకుంది. “బాబాయ్, పదండి, బయటికి పదండి.”

కోటయ్య ముంజేతి మీద బూజు పడినట్టు, ఇంకో చేత్తో తుడుచుకున్నాడు.

“టీ తెచ్చా బాబూ,” అన్నాడు. ఆమె భుజం మీదుగా చూస్తూ అన్నాడు. “చక్కెర తక్కువేగా మీకు?”

“అవును కోటయ్యా.”

అప్పుడు తిరిగి చూసింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. పల్చటి మనిషి, తెల్ల గీతల చొక్కా, చాలాకాలం నీళ్ళలో నానినవాళ్ళ చర్మం. ఆమె గీసిన బొమ్మలన్నీ వరసగా సర్ది సంచిలో పెట్టుకుంటున్నాడు. ఆ పని చేసే తీరులో తొందర లేదు. ఆమెకు కోపం వచ్చింది. ఆ స్థితిలోనూ ముందు వచ్చింది కోపమే. అవి తన బొమ్మలు, తన నాలుగేళ్ళు. సంచి పట్టుకుని లాగింది. గుడ్డ ఆమె వేళ్ళ కింద కదలనైనా లేదు.

“పని అయిందా బాబూ?”

“అయింది. సాయంత్రం పంపించేస్తాను.”

“అచ్ఛా, మంచిది. ఎన్నేళ్ళ నుంచో కష్టపడతన్నారు.” కోటయ్య కుర్చీ వైపు చూశాడు. “ఈ స్వెటరు ఎవురిదో?”

“ఎవరో మర్చిపోయి ఉంటారు.”

గుమ్మం దగ్గర సాయినాథ్ ఒక్కక్షణం ఆగాడు. ఆమె వైపు చూడకుండానే, పెదాలు కదిలీ కదలకుండా అన్నాడు.

“మొదటి సంవత్సరమే కష్టం.”

కోటయ్య ఇటుకను కాలితో పక్కకి జరిపాడు. ఆ తెరిచిన తలుపులోంచి ఆమె బయటికి దూకింది. దూకాననే అనుకుంది. తేరుకుని చూస్తే ఏడో వరుస చివర, గోడకు ఆనుకుని నిలబడి ఉంది. దూరంగా తలుపు పడింది. తాళం తిరిగింది. లైట్లు ఆరిపోయాయి.

చీకటి. ఏ మూలనుంచీ ఒక్క చుక్క వెలుతురు రాని చీకటి.

ప్రణతి తనకు తాను ధైర్యం చెప్పుకుంది. ఎవరో ఒకరు వెతుకుతారు. రాత్రికి పిన్ని ఫోన్ చేస్తుంది, ఎత్తకపోతే కంగారు పడుతుంది. గైడు ఊరుకోదు. పోలీసులు వస్తారు. ఇలా ఒక్కొక్కరినీ తలుచుకుంటూ పోతుంటే, ఉన్నట్టుండి ఆ రెండు ఫోన్లు గుర్తొచ్చాయి. సాయినాథ్ కోసం తను చేసినవి. ఒకటి కలవలేదు. ఇంకోటి రాంగ్ నంబరు. మూడో నంబరు కూడా గైడు రాసి ఇచ్చింది. తను దానికి చెయ్యలేదు, ఎందుకంటే అది కలుస్తుందేమోనని భయపడింది. సిగ్గుతో ఆమెకు ఏడుపు వచ్చింది. గట్టిగానే ఏడ్చింది. వినేవాళ్ళు ఎవరూ లేరుగా అనుకుంది.

తన చీటీ తీసేసి ఇంకెవరో వాళ్ళ పేరు వేసుకునేదాకా ఇక్కడే. అలాంటి మనిషి రావాలి. అచ్చం తనలాంటి మనిషి. అలా ఎవరో ఒకరు రావాలని, అప్పుడే, ఆ మొదటి గంటలోనే, తను కోరుకుంటోందని ఆమెకు అర్థమైంది.

కన్నీళ్ళు తుడుచుకుని గోడకు జారగిలబడి కూర్చుంది.

పక్క వరుసలో సీసాలు ఒకదానికొకటి తగిలి టింగుమన్నాయి. ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు. తరువాత దాని అవతలి వరుసలో. తరువాత దూరంగా, తలుపు వైపు మొదటి వరుసలో. ఒక ఆడగొంతు, చాలా ముసలిది, హిందీలో, కొత్తగా పక్కింట్లో దిగినవాళ్ళను పలకరించినంత మామూలుగా, మెల్లగా అడిగింది.

“నీది ఏ సీసా?”