మీదే ఊరు బిడ్డా?

ఆదిభట్ల నుంచి కంపెనీ బస్సు ఇబ్రహీంపట్నం చౌరస్తాకు వచ్చేసరికి వాన దంచుతోంది. గొడుగు పట్టుకుని నిలబడ్డ ఇంద్రమ్మకు, కూతురు లిఖిత ఎవరో అబ్బాయి చెయ్యి పట్టుకుని దిగడం కనిపించింది.

"ఎవరు నువ్వు? నా బిడ్డకేమైంది?"

"రాజశేఖర్ అమ్మా, నాదీ గదే ఆఫీసు. బస్సుల మళ్ల ఊపిరాడలేదన్నది. ఇప్పుడు మంచిగనే ఉంది."

ఇంద్రమ్మ మనసులో అప్పటికే అంబులెన్సు వచ్చి వెళ్లిపోయింది.

"గుండెల ఏం లేదని మూడు దవాఖానలల్ల చెప్పిన్రు కద అమ్మా," అంది లిఖిత. "ఇది భయం. థెరపీకి పోత. డిసైడైన."

"పిచ్చోళ్లు పోయే కాడికా?"

"నేను పోయిన," అన్నాడు రాజశేఖర్. "పిచ్చోని లెక్క కనబడుతున్ననా?"

"గింత వానల గొడుగు లేకుంట నిలబడ్డవ్ మరి," అంది లిఖిత.

అతను నవ్వుతూనే ఆమె ఫోనుకు మూడు నంబర్లు పంపాడు. "ముగ్గురితోని మాట్లాడు. ఎవరితోని మనసు విప్పబుద్ధయితే వాళ్లనే పట్టుకో. నేనడిగినదానికి జవాబు మెల్లగ చెప్పు."

"ముందు నన్ను మంచిగ ఊపిరి తీసుకోనియ్యి. జవాబు అప్పుడు."

ఏమడిగాడో ఇంద్రమ్మకు ఒకరు చెప్పనక్కర్లేకపోయింది.

ఆదివారం మొదటి వీడియో కాల్. యమున అనే థెరపిస్ట్. లిఖిత నోరు తెరిచేలోపే ఇంద్రమ్మ మధ్యలో తల దూర్చింది.

"మీదే ఊరు బిడ్డా?"

"కందుకూరమ్మా."

"కందుకూర్ల ఎవరింటోళ్లు?"

రెండు నిమిషాల్లో తేలింది, ఆమె లిఖిత చిన్నమ్మకు ఆడబిడ్డ కూతురు. ఇంద్రమ్మ మొహం వెలిగిపోయింది. యమున మాత్రం, "చుట్టాలకు మేం థెరపీ చెయ్యొద్దు లిఖితా. వేరేవాళ్లను చూసుకో," అని నవ్వి ఫోన్ పెట్టేసింది.

బడంగ్‌పేట్‌లో ఉండే రెండో ఆమె, అరుణజ్యోతి, ఇంద్రమ్మ తోడికోడలికి అక్క వరసై కూర్చుంది.

"ఇంకొక్కరే ఉన్నరు అమ్మా," అంది లిఖిత. "ఈమె గూడ పోతే నేను మళ్ల ఎవర్నీ అడగ."

మూడో కాల్‌కు ఇంద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వెళ్లి వాకిట్లో నిలబడింది. లోపల ఏడుపు వినిపించింది. ఇంకేముంది, అయిపోయింది అనుకుంది. కాసేపటికి నవ్వు వినిపించింది.

తలుపు తీసిన లిఖిత కళ్లు తడిగా మెరుస్తున్నాయి. "రూత్ మేడమే అమ్మా. మంగళవారం నుంచి. ఎవరి బిడ్డవని అడగలే. నీకేమైతుందని అడిగింది."

మూడు నెలలు పోయాక ఒక సాయంత్రం, బస్సులో చివరిదాకా హాయిగా కూర్చుని వచ్చిన లిఖిత, రాజశేఖర్‌ను నేరుగా ఇంటికే పట్టుకొచ్చింది. ఇంద్రమ్మ పెదవులు బిగించుకుని ఛాయ్ ఇచ్చింది.

"ఇప్పుడు అడుగు అమ్మా," అని నవ్వింది లిఖిత.

"మీదే ఊరు బిడ్డా?"

"మంచాల."

"మంచాల్ల ఎవరింటోళ్లు?"

"జానయ్య, సత్తమ్మల మనుమణ్ణి. మా నాయిన వాళ్ల పెద్దకొడుకు."

ఇంద్రమ్మకు కొత్త భయం పట్టుకుంది. లిఖితకు అన్న వరసైతే? వేళ్ల మీద లెక్కపెట్టింది. తప్పిందేమోనని మళ్లీ పెట్టింది.

"సత్తమ్మ మా అమ్మకు దూరపు అక్క. అంటే మీ నాయిన నాకు అన్న. నువ్వు లిఖితకు బావవే అయితవు. ఇంకేంది, మా బిడ్డ ఒప్పుకున్నట్టే..."

"అమ్మా, ఆ ముచ్చట నన్ను చెప్పనియ్యి."

లిఖిత నిండుగా ఊపిరి పీల్చుకుని రాజశేఖర్ వైపు తిరిగింది.

"అవ్," అంది.

అతని చేతిలో ఛాయ్ ఒలికింది. కాలిందేమోనని ఇంద్రమ్మ కంగారుగా లేచింది కానీ, అతనికి ఆ సంగతే తెలియలేదు.