అర్జీ మీద పసివేలు

ఆమెకు చావంటే భయం లేదు. పాప ఏడుపు వినపడకుండా పోతుందేమోనన్న భయం ఒక్కటే!

మిట్టమధ్యాహ్నం... సముద్రం మీద కాళమేఘాలు గర్జించాయి. పట్టపగలే గుడ్లగూబ కూసింది! నీళ్ళలో కట్టబోయే గ్యాస్ కర్మాగారానికి పాతిన తొలి స్తంభం పక్కనే, కంపెనీ లాంచీలో మాంత్రికుడు కూర్చున్నాడు. ముందర కపాలం... దాని దంతాల మధ్య ఊరివాళ్ళ అర్జీ!

కర్మాగారం వద్దంటూ దాన్ని రాసింది ఆమే. ఏడో తరగతితో చదువు ఆగినా, ఆ వీధిలో అక్షరాలతో సంతకం పెట్టగలిగింది ఆమె ఒక్కతే. మిగతా నలభైమందివీ వేలిముద్రలు. అందరికన్నా చివర్న పాప బొటనవేలికి కూడా సిరా పూసింది.

"పాలు తాగేదానికి వేలిముద్రేమిటే? ఓటు కూడా వేయిస్తావా?" అత్త నవ్వింది.

"రేపు ఈ సముద్రం దానిదే కదత్తా!"

సర్కారు ఆఫీసులో ఇచ్చిన ఆ కాగితం కంపెనీకి, అక్కణ్ణుంచి ఆ క్షుద్రుడికి చేరింది.

ఇప్పుడు బడి హాల్లో కర్మాగారం మీద ఊరివాళ్ళ విచారణ పెట్టిన అధికారి అభ్యంతరాలు చెప్పమన్నాడు. అత్త లేచింది. నోరు తెరిచింది... మాట రాలేదు. బుడబుడమంటూ ఉప్పునీళ్ళు! తర్వాత లేచిన పడవల మేస్త్రికీ అంతే! ఆమె కిటికీలోంచి చూసింది. లాంచీలో వాడు ఒక్కో వేలిముద్ర మీదా భస్మం రుద్దుతున్నాడు!

పాప... ఇంట్లో ఉయ్యాలలో నిద్రపోతోంది!

"ఇంకెవరైనా ఉన్నారా?" అధికారి అడిగాడు.

గొంతు మిగిలింది సంతకం పెట్టిన ఆమె ఒక్కదానికే. కానీ ఆమె అప్పటికే సముద్రంవైపు పరుగెత్తుతోంది. 'అభ్యంతరాలు లేవు' అని గుమాస్తా రాసేసుకున్నాడు.

"ఆగరా! పసిదాన్ని వదిలెయ్!" నడుముల్లోతు నీళ్ళలో నిలబడి అరిచింది.

వికటాట్టహాసం! "వేయించింది నువ్వే కదే తల్లీ!" చిటికెడు భస్మం... చివరి ముద్ర మీద రుద్దేశాడు.

అంతే! అన్ని గొంతుల్లో పోయడానికి తన నీళ్ళనే దొంగిలించినవాణ్ణి సముద్రం క్షమించలేదు. తాటిచెట్టంత ప్రళయతరంగం లేచింది! లాంచీ, కపాలం, కెవ్వుమన్న వాడి కేక... అన్నీ అడుగుకు పోయాయి. వాటితోపాటు అర్జీ కూడా. ఒక్క గొంతూ తిరిగి రాలేదు. స్తంభం మాత్రం చెక్కుచెదరలేదు.

ఆమె ఆ కాగితం కోసం నీళ్ళలో ఇంకా దేవులాడుతూనే ఉంది... మీరెవరైనా అటు వెళితే, వలలు ఆరేసిన వరుసలో ఆఖరి ఇల్లు ఆమెది. చప్పుడు లేదని వెనక్కి తిరక్కండి. పాప ఏడుస్తూనే ఉంటుంది, వినపడదంతే. లోపలికి వెళ్ళి ఒక్కసారి చూడండి.