దోమ. నాలుగు. నిమ్‌పురా

“కనిపిస్తే కాల్చెయ్. మాటల్లేవ్.” ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు గరగరలాడింది.

నిమ్‌పురా రైల్వే యార్డులో అప్పుడే వాన వెలిసింది. నీలం యూనిఫాం, చేతిలో చక్రాలు తట్టే సుత్తి. చూసినవాళ్లెవరైనా బండి చెకింగ్‌కొచ్చిన రైల్వే మనిషనే అనుకుంటారు. ఆ సుత్తి పిడిలో సైలెన్సర్ పిస్టలుంది. చేతి గడియారం మూత తిప్పితే భూతద్దం. మనిషి పేరు దినకర్, ఏజెంట్ నైన్.

“సార్, సత్యవాణి మన మనిషి.”

“మన మనిషైతే ఆ మెసేజ్ ఎందుకు పంపింది?”

మెసేజ్ మూడే ముక్కలు. దోమ. నాలుగు. నిమ్‌పురా. ట్రైటన్ అనే విదేశీ ముఠాలో సైంటిస్టుగా చేరి, రెండేళ్లుగా వాళ్ల గుట్టు మనకు చేరవేస్తున్న డబుల్ ఏజెంట్ డాక్టర్ సత్యవాణి. మెసేజ్ ముఠా చేతికి చిక్కినా అర్థం కాకూడదని తెలుగులో రాసింది. హెడ్ క్వార్టర్స్‌లో తెలుగు వచ్చినవాడు దినకర్ ఒక్కడే. “దోమ అంటే మచ్ఛర్ సార్. జబ్బెక్కించిన దోమల్ని నాలుగింటికి నిమ్‌పురాలో వదుల్తారు” అని తనే తర్జుమా చేసిపెట్టాడు. యార్డులో నీళ్ల ట్యాంకర్లు, డ్రెయిన్లు అన్నీ జల్లెడ పట్టారు. నాలుగు దాటింది. దోమ కాదు కదా, దోమ గుడ్డు కూడా దొరకలేదు. ఇంకేముంది, అమ్ముడుపోయిందని చీఫ్ తేల్చేశాడు.

దినకర్ తెలుగు మాస్టారి కొడుకు, సత్యవాణి రైల్వే వర్క్‌షాప్ ఫిట్టరు కూతురు. తెలుగువాళ్లు వలసొచ్చిన ఇదే రైల్వే ఊళ్లో, ఒకే బడి. ఆ పిల్ల టిఫిన్ డబ్బాలో ఎప్పుడు చూసినా పురుగులే. “ఈగకైనా, కుట్టే దోమకైనా రెక్కలు రెండేరా. నాలుగున్నాయంటే అది ఈగా కాదు, కుట్టే దోమా కాదు” అంటూ అతని ముక్కు కింద పెట్టేది. అతను వాంతి చేసుకున్నంత పని చేసేవాడు. అలాంటి మనిషిని ఇప్పుడు కాల్చాలి. ఏం ఉద్యోగమో, ఏం ఖర్మో!

ఆంధ్రా వైపు వెళ్లే పార్సిల్ రైలు పక్కన ఆమె కనిపించింది. ఎర్ర సిల్కు చీర, నల్లద్దాలు, లిప్‌స్టిక్కు. పక్కనే తెల్లగొడుగు పట్టుకున్న ట్రైటన్ బాస్. కూలీలు రైలు పెట్టెలోకి, పార్సిల్ వ్యాన్‌లోకి, వరినారు ట్రేలు ఎక్కిస్తున్నారు. వాటి మీద దోమతెరల్లాంటి వలలు. శ్రీకాకుళం రైతులకి ఒక విత్తనాల కంపెనీ ఉచితంగా పంపిస్తున్న నారని చీటీల మీద రాసుంది. దోమల కోసం వెతుకుతున్న దినకర్ నారుని పట్టించుకోలేదు.

సుత్తి పిడి ఎత్తాడు. ఆమె చూసింది. గుర్తుపట్టింది. అరవలేదు, పరిగెత్తలేదు. జుట్టు సర్దుకుంటున్నట్టు చెయ్యెత్తి నాలుగు వేళ్లు చాపింది.

నాలుగా? నాలుగు ఎప్పుడో దాటిపోయిందిగా!

“కాల్చు!” అన్నాడు చీఫ్. గార్డు పచ్చజెండా ఊపాడు. ఇంజన్ కూత వేసింది.

వల సందులోంచి తప్పించుకున్న గోధుమరంగు పురుగొకటి దినకర్ చొక్కా చేతి మీద వాలింది. బియ్యపు గింజలో సగం ఉంటుంది. గడియారం మూత తిప్పి, గోటితో కదిపి చూశాడు. ఒక జత రెక్కలు. వాటి కింద ఇంకో జత.

నాలుగు.

శ్రీకాకుళం వైపు ఊరినుంచి వచ్చిన చుట్టాలు “ఈయేడు దోమ పడిపోనాది, సేనంతా సుడులు సుడులుగా ఎండిపోనాది” అని గొల్లుమనడం చిన్నప్పుడు ఎన్నిసార్లు వినలేదు! అది సుడిదోమ. మనిషిని కుట్టేది కాదు, వరి రసం పీల్చేది. రైతుకి దోమంటే అదే. పొరబాటు పడకుండా రెక్కల లెక్క కూడా పంపింది ఆవిడ. పొలం గట్టెక్కని మాస్టారి కొడుకు ఆ నాలుగుని గడియారం చేశాడు.

రైలు కదిలింది. దినకర్ పరుగెత్తి చివరి వ్యాన్ వెనక బ్రేకుల గాలి గొట్టానికుండే కుళాయి తిప్పేశాడు. గాలి భుస్సుమంది. బండి ఒక్క కుదుపుతో ఆగింది. బాస్ చప్పున సత్యవాణి వైపు పిస్టల్ తీశాడు. సుత్తి పిడి ముందే పేలింది. బాస్ పిస్టలొక వైపు, గొడుగొక వైపు ఎగిరిపడ్డాయి. యార్డులో కాపున్న మఫ్టీ పోలీసులు వచ్చి మీదపడ్డారు. వ్యాన్‌లకి సీళ్లు పడ్డాయి.

సత్యవాణి నల్లద్దాలు తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఏటిరా, నన్ను కాల్సీడానికొచ్చినావా?”

“తప్పు నాదే వాణీ. దోమంటే మచ్ఛరని చెప్పినాను.”

“ఏ మందుకీ సావని దోమరా అది! ఆ నారు నాటితే మనోళ్లకి గింజ మిగల్దు. అందికే గదా నాలుగని రాసినాను!”

“టైమనుకున్నాను.”

ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. “రెండేళ్లు ఆళ్ల మద్దెన బతికినాను, బయమెయ్యనేదు. ఇందాక నీ సుత్తి సూసి బయమేసినాది.”

ఇయర్‌పీస్‌లో చీఫ్ దగ్గాడు. “ఠీక్ హై. అమ్మాయి మన పార్టీయే అని రిపోర్టులో రాసెయ్.”

ఆ సమయానికి, అంత జల్లెడ పట్టినా దొరకని అసలు సిసలు దోమొకటి దినకర్ మెడ మీద వాలి కుట్టింది. కొడదామని చెయ్యెత్తాడు.

సత్యవాణి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఆగరా. ముందు రెక్కలు లెక్కెట్టు.”