సూది అబద్ధమాడదు

“ఉదయం మన కొరియర్‌ని లిఫ్టులో కాల్చేశారు,” అన్నాడు చీఫ్. “డాక్టర్ ముఠాకి మన వాసన తగిలింది. సాయంత్రం రైలు వంతెన ఎక్కగానే పేల్చేస్తారు. రిమోట్ డాక్టర్ దగ్గరే ఉంది. వాడి లై డిటెక్టర్ చెడిపోయిందట. మెకానిక్‌గా నువ్వెళ్తున్నావు.”

“లోపల మన సెక్రటరీ ఉందిగా సార్?”

“అందుకే పంపుతున్నా. మొదట కూర్చోబెట్టేది ఆమెనే. ఆ మెషిన్ పనిచెయ్యకూడదు.”

ఏజెంటు స్క్రూడ్రైవర్ జేబులో వేసుకున్నాడు. డాక్టర్ జీతం తింటూ చీఫ్‌కి కబుర్లు చేరవేసే ఆ అందగత్తె అతనికి ట్రైనింగ్ నాటి నుంచీ స్నేహితురాలు. ఈమధ్య ఒక వాన సాయంత్రం ఆ స్నేహం కాస్తా హద్దు దాటింది. “ఇందులో ప్రేమా గీమా లేదు. ఉందన్నవాళ్లు అవుట్,” అని ఆమె షరతు పెట్టింది. మనసొప్పకపోయినా మన వీరుడు తలూపాడు.

బంగళాలో కిటికీలన్నీ మూసి ఉన్నాయి. డాక్టర్ పక్కనే నిలబడి రిపేరు చేయించాడు. వైరు తప్పించే వీలే దొరకలేదు. ఆఖర్న డాక్టర్ మెషిన్ బెల్టు తానే కట్టుకుని, “నేను ఎవర్నీ చంపలేదు,” అన్నాడు. సూది ఎగిరిపడింది. డాక్టర్ మురిసిపోయాడు.

తరువాత సెక్రటరీని కూర్చోబెట్టి, రిమోట్ బల్ల మీద పెట్టాడు.

“ప్రభుత్వం మనిషివా?”

“కాదు.”

సూది నిద్రపోయింది. ట్రైనింగ్ అంటే అది.

“వీడితో నువ్వు తిరగడం నా డ్రైవర్ చూశాడు. రిపేరుకని వస్తే వీణ్ణి లోపలికి ఎందుకు రానిచ్చాననుకున్నావ్? ఎవడు వీడు?”

“స్నేహితుడు. అంతే.”

సూది ఆ చివరికంటా ఎగిరింది. డాక్టర్ పిస్తోలు ఏజెంటు కణతకు ఆనింది. దూరంగా రైలు కూసింది.

“నిజం చెప్పు. లేకపోతే వీడు చస్తాడు.”

ఆమె సూది వంక చూసింది. “ప్రేమిస్తున్నాను. ఆ మొద్దుకి తెలీదు. చెప్పకూడదనుకున్నాను.”

సూది కదల్లేదు.

“ఓసి పిచ్చిదానా, ఇదా నువ్వు దాచింది!” డాక్టర్ విరగబడి నవ్వాడు. పిస్తోలు దించి, రిమోట్ అందుకున్నాడు. ఆ నవ్వు చాలు. ఏజెంటు స్క్రూడ్రైవర్ పిడి నొక్కాడు. అందులోంచి దూసుకొచ్చిన మత్తుసూది డాక్టర్ మెడలో దిగింది. అయినా వాడి బొటనవేలు బటన్ మీదికి వాలుతోంది. ఏజెంటు తన వేలు అడ్డం పెట్టాడు.

వంతెన మీద రైలు క్షేమంగా సాగిపోయింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి.

సెక్రటరీ అతని వంక చూడకుండా బెల్టు విప్పుకుంది. “ఆ మెషిన్‌ని పట్టించుకోకు. పాడైపోయిన డబ్బా అది.”

“బాగుచేసింది నేనే,” అన్నాడతను కమిలిన వేలు ఊదుకుంటూ. “లే, ఆ బెల్టు నాకు కట్టు. నన్నూ అదే అడుగు. నువ్వొక్కదానివే అవుటైతే ఏం బాగుంటుంది?”