తూర్పు బురుజు

కృష్ణవేణి దక్షిణపు గట్టున, నల్లరాతి కొండనెక్కి కూర్చున్న మేడిశిల దుర్గాన్ని నాడు శత్రుసేనలు నాలుగు దిక్కులా ముట్టడించి ఉండగా, రణభేరుల మోతకు పురవీధుల్లో పసిబిడ్డలు గుక్కపట్టి ఏడుస్తున్నారు. అయితే దుర్గానికి అసలు చేటు వెలుపల లేదు. నిరుటి వానలకు కూలగా తిరిగి కట్టిన తూర్పు బురుజులోనే ఉన్నది.

గానుగ సున్నంలో కలపవలసిన బెల్లమూ కరక్కాయలూ మహామంత్రి సోమయామాత్యుని చుట్టాల ఇళ్లకు చేరగా, బురుజుకు బంకమన్ను దక్కింది. కంచే చేను మేస్తే ఇక దిక్కెవరు? ఆ మాట కొలువులో పలికినవాడు దళవాయి రేచయ నాయకుడొక్కడే. పలికినందుకు అసూయాపరుడనిపించుకున్నాడు. మళ్ళీ పలికితే పదవి ఊడింది. అయినా ఆ మొండి మనిషి నోరు మూయలేదు. "అన్నా, నీకెందుకీ గోడ గొడవ?" అని తోడబుట్టినవాడే విసుక్కున్నాడు.

శత్రువులు రాళ్లు రువ్వే యంత్రాలను తూర్పుకు తిప్పుతున్నారని వేగు రాగానే కొమ్మభూపాలుడు కొలువు తీర్చాడు. రేచయ ముందుకు వచ్చి చేతులు జోడించాడు.

"మహాప్రభూ! బురుజు బాగున్నదని ఒప్పినవారే ముట్టడినాడు దానిపై నిలవాలన్నది తమ తాతలనాటి కట్టుబాటు. అమాత్యులవారు ఒప్పారు. వారు నిలిస్తే అబద్ధమాడినందుకు నా తల తీయించండి. నిలవకుంటే, పొద్దు మించకముందే ఆ బురుజు వెనుక మరో గోడ లేపించండి!"

రాజు మంత్రివైపు చూచాడు. ఎంతటి వాక్చతురుడో ఆ మంత్రి! "దేవా, వృద్ధుణ్ణి, మోకాళ్ల నొప్పులు..." అని నసిగాడు.

"అయితే మీ కుమారుడు నిలుస్తాడు. పిలిపించండి," అన్నాడు రాజు.

సోమయామాత్యుడు నిలువునా కూలబడ్డాడు. "వద్దు ప్రభూ! ఒక్కగానొక్క కొడుకు! ఆ బురుజు ఆగదు!"

రాజు ముఖం పాలిపోయింది. "నాయకా, ఇన్నాళ్లూ నిన్ను నేను..."

"ఆ మాటలు తరువాత ప్రభూ. ముందు రాళ్లు మోయించండి."

అని తన పాత భటులతో రేచయ బురుజెక్కాడు. వెనుక గోడ లేస్తూండగానే ఎదుట బురుజు శత్రుయంత్రాల రాళ్లకు బుగ్గిలా రాలింది. శిథిలాల్లోంచి లేచి, ఆ గండిలో అతడు నిలిచి, చొరబడేవారిని నరికాడు. భటులు ఒక్కరొక్కరే నేలకొరిగారు. కొత్త గోడలో మనిషి పట్టేంత సందు మిగిలినప్పుడు, రాజు అక్కడికి పరుగున వచ్చి ఎలుగెత్తాడు.

"రేచయా! లోనికి రా!"

"నేను కదిలితే ఈ శత్రువులు నా వెంటే లోనికి వస్తారు. మూయించండి ప్రభూ! ఇకనైనా సున్నం సరిగా కలిపించండి!"

రాజు ఏడుస్తూ, ఆఖరి రాయి తన చేతులతోనే పెట్టాడు. దుర్గం దక్కింది.